బారెడు దూరం.. బెత్తెడు ఒడుపు

బాక్సింగ్ అంటే కొట్టడమనే అందరి లెక్క. దెబ్బ తగలకుండా నిలబడటమే అందులో మొదటి చదువు. ఆ చదువు చేతుల్లో కాదు, కాళ్లలో ఉంది.

డోన్ జంక్షన్‌లో ఆగని బండి వచ్చేటప్పుడు ప్లాట్‌ఫారం మీది మనుషుల్ని చూడండి. మైకులో హెచ్చరిక వినబడుతుంది. పట్టాలు సన్నగా మోగుతాయి. అలవాటున్న ప్రయాణికుడు చేతిలోని టీ గ్లాసు మీంచి చూపు తిప్పకుండానే ఒక్క అడుగు వెనక్కి వేస్తాడు. రెండు కాదు, ఒక్కటే. బండి దడదడలాడుతూ పోతుంది. గాలి చెంపకు కొడుతుంది, దుమ్ము కళ్లలో పడుతుంది, బండి మాత్రం తగలదు. చివరి పెట్టె దాటగానే అదే అడుగు మళ్లీ ముందుకు పడుతుంది. కొత్తవాడైతే బెంచీ దాకా పరుగెత్తి, తన బండి వచ్చేసరికి జనం వెనక చిక్కుకుపోతాడు.

మా అక్క కూతురికి బాక్సింగ్ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ ఒక్క అడుగే. పిల్ల తొమ్మిదో తరగతి. ఫోన్లో నిఖత్ జరీన్ పోటీలు చూసి చూసి, "మామా, నేనూ బాక్సింగ్ నేర్చుకుంటా" అని పట్టుబట్టింది. వంటింట్లో కొర్రన్నం వారుస్తున్న అక్క అక్కణ్నుంచే అందుకుంది. "యాడికి రా పిల్లను తీస్కపోయేది? ముక్కు పగిలిందంటే రేపు ఎవురు చేసుకుంటారు?"

అక్క భయాన్ని నేను తీసిపారేయలేదు. హాస్టల్లో చదివే రోజుల్లో ఒక పెద్దమనిషి మాకు గ్లోవ్స్ తొడిగి, నాకంటే రెండేళ్లు పెద్దవాడిని ఎదురుగా నిలబెట్టాడు. ఎలా నిలబడాలో చెప్పలేదు, కాలు ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. నేను వెనక్కి జరిగినప్పుడల్లా "పారిపోతావేం రా, నిలబడు" అని అరిచాడు. నిలబడ్డాను. ముక్కు పగిలింది. చొక్కా మీద రక్తం కంటే ఆయన మాటే నన్ను ఎక్కువ రోజులు బాధపెట్టింది. వెనక్కి జరగడం పిరికితనమని చాలా ఏళ్లు నమ్మాను. అది శుద్ధ తప్పని తర్వాత తెలిసింది. పిల్లల్ని నిలబెట్టి కొట్టించడం శిక్షణ కాదు. ఆ మాట గట్టిగా చెప్పడానికే ఈ కథనం.

మన కొలతల్లోనే ఉంది

బాక్సర్ల గురించి రాసేటప్పుడు ఎత్తు, బరువుతోపాటు 'రీచ్' అని ఒక అంకె ఇస్తారు. రెండు చేతులూ పక్కలకు బారజాపితే ఈ కొన వేలి నుంచి ఆ కొన వేలి దాకా ఉండే పొడవు అది. మనకు ఇది కొత్త కాదు. దాన్నే మనం 'బార' అంటాం. సీమలో చేంతాడును బారలతో కొలిచేవాళ్లు. బావి ఎండే కొద్దీ తాడుకు ఇంకో బార ముడివేసేవాళ్లు. బార తర్వాత మూర, మూర తర్వాత జాన, జాన తర్వాత బెత్తెడు. అన్నీ ఒంటి మీది కొలతలే. రింగులో దూరాలను అర్థం చేసుకోవడానికి వీటికి మించిన మాటలు నాకు దొరకలేదు.

ఇద్దరు బాక్సర్ల మధ్య బారెడు దూరం ఉన్నంతసేపు ఎవరి చెయ్యీ ఎవరికీ అందదు. కొట్టాలంటే ఎవరో ఒకరు కాలు కదపాలి. ఆ దూరం సగానికి తగ్గి ఒక చెయ్యి పొడవుకు వస్తే సూటి దెబ్బల రాజ్యం మొదలవుతుంది. ముందు చేత్తో విసిరే జాబ్, వెనక చేత్తో వచ్చే క్రాస్ ఇక్కడివే. మూరెడుకు వస్తే మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే హుక్, కింది నుంచి గడ్డం కిందికి లేచే అప్పర్‌కట్. జానెడుకు వచ్చాక గుద్దడానికి చోటు చాలదు. ఒకరినొకరు పట్టుకుంటారు, రిఫరీ విడదీస్తాడు.

ఇక బెత్తెడు. తల పక్కకు తప్పించి దెబ్బను చెవి పక్కనుంచి పోనివ్వడాన్ని 'స్లిప్' అంటారు. తల ఎంత జరగాలి? బెత్తెడు చాలు. మూరెడు జరిపినవాడు ఒరిగిపోతాడు, కాలు తడబడుతుంది, తిరిగి కొట్టే వీలు పోతుంది. గ్లవ్ చెంపకు గాలి కొడుతూ దాటిపోవాలి. ప్లాట్‌ఫారం మీద బండి దాటినట్టు.

దూరానికి ఇంత విలువ ఎందుకంటే, కంటికి కనబడిన దానికి ఒళ్లు స్పందించడానికి దాదాపు సెకనులో ఐదో వంతు పడుతుంది. దగ్గర్నుంచి వచ్చే మంచి జాబ్ ఆ లోపే ముఖం మీద ఉంటుంది. అంటే చెయ్యి కదలడం చూసి తప్పించుకుందామనుకుంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టే. మరి గొప్ప బాక్సర్లు ఎలా తప్పించుకుంటున్నారు? వాళ్లు ఎదుటివాడి చేతికి అందని చోట నిలబడతారు. అప్పుడు ఎదుటివాడు కొట్టాలంటే ముందు అడుగు వెయ్యాలి. అడుగు చేతికంటే నిదానం. భుజం కదులుతుంది, మోకాలు వంగుతుంది, బరువు ముందుకు ఒరుగుతుంది. పట్టాలు మోగినట్టే, దెబ్బ కంటే ముందు కబురు వస్తుంది. దూరంలో నిలబడినవాడు నిజానికి కాలాన్ని కొనుక్కుంటున్నాడు. అనుభవమున్న కోచ్‌లు "గ్లవ్ వంక చూడకు, ఛాతీ వంక చూడు" అని చెప్పడం ఇందుకే.

అరుగు మీద సుద్దగీత

ఆ సాయంత్రం అక్కవాళ్ల ఇంటి ముందు నాపరాళ్ల అరుగు మీద సుద్దముక్కతో ఒక గీత గీశాను. బేతంచర్ల నాపరాయి. నల్లగా, నున్నగా ఉంటుంది, సుద్ద బాగా కనబడుతుంది. పిల్లను గీతకు అటు ఇటు కాళ్లు ఉండేలా నిలబెట్టాను. ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనక, మడమ కొంచెం పైకి, మోకాళ్లు మెత్తగా. గ్లోవ్స్ లేవు. చేతులు చెంపల దగ్గర పెట్టుకోమన్నాను.

"పాపా, ఇప్పుడు ముందుకు రా. ముందు కాలే ముందు కదలాలి."

వచ్చింది.

"వెనక్కి పో. వెనక కాలే ముందు కదలాలి."

వెనక్కి పోబోయి ముందు కాలిని లాగింది. రెండు పాదాలూ ఒకచోటికి చేరాయి. భుజం మీద రెండు వేళ్లతో తాకానంతే, తూలి గోడకు చెయ్యి ఆనించింది. "ఇట్లా ఉన్నప్పుడు దెబ్బ తగిలితే చిన్న దెబ్బకే పడిపోతావు" అన్నాను. మళ్లీ మొదలుపెట్టింది. ముందుకు, వెనక్కి, ఎడమకు, కుడికి. పాదాలు ఎప్పుడూ కలవకూడదు, ఒకదాన్నొకటి దాటకూడదు. పావుగంటకే పిక్కలు పట్టేశాయంది.

తర్వాత నా చెయ్యి చాపి వేలికొన ఆమె ముక్కుకు బెత్తెడు దూరంలో ఉంచాను. "నేను ముందుకొస్తే నువ్వు అంతే వెనక్కి పో. నేను వెనక్కి పోతే అంతే ముందుకు రా. ఈ బెత్తెడు పెరగకూడదు, తరగకూడదు." మొదట ఆమె కళ్లు నా వేలి మీదే ఉన్నాయి. వేలు రెండుసార్లు ముక్కుకు తగిలింది. మూడోసారి నా కాళ్ల వంక చూసింది, అదీ ఆలస్యమే అయింది. కాసేపటికి తనకు తానే నా ఛాతీ వంక చూడటం మొదలుపెట్టింది. నేను చెప్పలేదు. ఆ తర్వాత వేలు తగల్లేదు. అక్క గడపలో నిలబడి ఇదంతా చూస్తోంది. "ఇదేనా బాక్సింగు? కొట్టుకునేది లేదా?" అంది.

ఇంకా చాలా నెలల వరకూ లేదు. ఉండకూడదు కూడా.

ఇస్తాంబుల్‌లో తొమ్మిది నిమిషాలు

2022 మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ మహిళల బాక్సింగ్ 52 కిలోల ఫైనల్. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఎదురుగా థాయిలాండ్‌కు చెందిన జుతామాస్ జిత్‌పాంగ్. మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు. ఐదుగురు న్యాయనిర్ణేతలూ నిఖత్‌నే విజేతగా చూపారు. అంకెలు విడివిడిగా చూస్తే అసలు కథ తెలుస్తుంది: 30-27, 29-28, 29-28, 30-27, 29-28. అంటే ముగ్గురి లెక్కలో నిఖత్ ఒక రౌండు పోగొట్టుకుంది. అది రెండో రౌండు. థాయ్ అమ్మాయి దూరాన్ని తగ్గించుకుని లోపలికి రాగలిగిన రౌండు అది. మూడో రౌండులో నిఖత్ తన చేతి పొడవును మళ్లీ పనిలో పెట్టింది. జాబ్‌తో ఆపడం, వెంటనే కుడిచెయ్యి వదలడం, పక్కకు తప్పుకోవడం. దూరం చేతికొచ్చింది, పోటీ కూడా చేతికొచ్చింది.

ఆ పోటీని తీరిక చేసుకుని మళ్లీ చూడండి, ఈసారి చేతులు వదిలేసి కాళ్లే చూడండి. కొట్టాక ఆమె కొట్టిన చోట నిలబడదు. చాలామంది మన కుర్రాళ్లు తమ దెబ్బను తామే చూసుకుంటూ ఆగిపోతారు. ఎదుటివాడికి కావాల్సింది ఆ ఆగడమే.

ఈ విద్య ఆమెకు ఒక్కరోజులో రాలేదు. నిజామాబాద్‌లో కోచ్ షంసముద్దీన్ దగ్గర మొదలుపెట్టింది. అబ్బాయిలతో తలపడి దెబ్బలతో ఇంటికొచ్చిన కూతుర్ని చూసి తల్లి కంటతడి పెట్టుకున్న సంగతి నిఖత్ చెప్పిందే. మా అక్క అడిగిన ప్రశ్న ఆ ఇంట్లోనూ వినిపించింది. తర్వాత విశాఖపట్నంలోని క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో ఐ.వెంకటేశ్వరరావు దగ్గర సాధన. ఆయనది ద్రోణాచార్య పురస్కారం పొందిన చెయ్యి. 2011లో అంటాల్యాలో జూనియర్ ప్రపంచ స్వర్ణం. 2017లో భుజం గాయం, శస్త్రచికిత్స, ఆటకు దూరం. మళ్లీ లేచి 2022లో ఇస్తాంబుల్, అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం, 2023 మార్చిలో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో రెండో ప్రపంచ టైటిల్.

ఓటమిని కూడా చెప్పాలి. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన వూ యూ చేతిలో నిఖత్ 0-5తో ఓడింది. వూ యూ ఆ పోటీల్లో స్వర్ణం గెలిచింది. ఆ రోజు దూరం ఎప్పుడు తగ్గాలో, ఎప్పుడు పెరగాలో నిర్ణయించింది చైనా అమ్మాయే. నిఖత్ వెంటపడాల్సి వచ్చింది. ఎవరు ఎవరి వెంట పడుతున్నారో చూస్తే చాలు, ఆ రౌండు ఎవరిదో సగం తెలిసిపోతుంది. ఏడ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని. కానీ దురదృష్టమని సరిపెట్టుకుంటే మనం నేర్చుకునేదేమీ ఉండదు. ఆమె ఆ రోజు తనకంటే దూరం బాగా తెలిసిన మనిషి చేతిలో ఓడింది.

షంసముద్దీన్ కొడుకు మహమ్మద్ హుసాముద్దీన్ కథ ఇంకో రకం. 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు. 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో సెమీస్ దాకా వెళ్లాడు. మోకాలి గాయంతో సెమీస్ ఆడకుండానే కాంస్యంతో తిరిగొచ్చాడు. పిడికిళ్లు బాగానే ఉన్నాయి. మోకాలు బాగాలేకుండా రింగులోకి దిగితే దూరం మీద అదుపుండదు. విశాఖ అమ్మాయి ఎన్.ఉష 2008లో నింగ్‌బోలో ప్రపంచ రజతం తెచ్చింది. తెలుగునేలకు బాక్సింగ్ కొత్త కాదని చెప్పడానికే ఈ పేర్లు.

అలీ కాళ్లు

దూరం గురించి మాట్లాడుతూ ముహమ్మద్ అలీని తలచుకోకుండా ఉండలేం. కుర్రతనంలో అలీ చేతులు నడుము దగ్గర వదిలేసి, తల వెనక్కి వాల్చి దెబ్బలు తప్పించుకునేవాడు. పాఠం ప్రకారం అది తప్పు. అతనికి చెల్లింది, ఎందుకంటే కాళ్లు అతన్ని ఎప్పుడూ అవతలివాడి చేతికి బెత్తెడు అవతలే ఉంచేవి. 1967లో సైన్యంలో చేరనన్నందుకు టైటిల్ లాక్కున్నారు. మూడేళ్లకు పైగా ఆడనివ్వలేదు. 1970లో తిరిగొచ్చేసరికి ఆ కాళ్లు మునుపటిలా లేవు.

1974లో కిన్షాసాలో అలీ తాళ్లకు ఆనుకుని, ప్రత్యర్థి ఫోర్‌మన్‌ను అలసిపోనిచ్చి, ఎనిమిదో రౌండులో పడగొట్టిన కథను ప్రపంచం ఇప్పటికీ పండగలా చెప్పుకుంటుంది. నేను ఆ పోటీని ఇష్టంగా చూడలేను. తాళ్లకు ఆనుకోవడమంటే దూరాన్ని వదులుకోవడం. దెబ్బలు ఎక్కువగా చేతుల మీద, పక్కటెముకల మీద పడ్డాయి, నిజమే. పడ్డవి మాత్రం పడ్డాయి. మరుసటి ఏడు మనీలాలో ఫ్రేజియర్‌తో పద్నాలుగు రౌండ్లు. 1981 దాకా ఆడాడు. 1984లో పార్కిన్సన్స్ బయటపడింది. దెబ్బలకూ ఆ జబ్బుకూ ఉన్న లంకె గురించి వైద్యులు ఎంతో వాదించుకున్నారు. కానీ తలకు పదే పదే తగిలే దెబ్బలు మెదడును దెబ్బతీస్తాయన్న సంగతి మాత్రం కొత్తది కాదు. 1928లోనే హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికన్ వైద్యుడు 'పంచ్ డ్రంక్' బాక్సర్ల గురించి రాశాడు. తలకు కట్టే హెడ్‌గార్డ్ చర్మం చీలకుండా కాపాడుతుంది. పుర్రె లోపల మెదడు అదరడాన్ని ఆపలేదు. దాన్ని ఆపేది తగలకపోవడమే.

అర్జెంటీనాలో నికొలినో లోచే అని ఒకడుండేవాడు. 'అందనివాడు' అని అక్కడి జనం పెట్టుకున్న పేరు. అతనికి కొట్టే బలం పెద్దగా లేదు. అతను తప్పించుకోవడం చూడటానికే బ్యూనస్ ఎయిర్స్‌లో జనం టిక్కెట్లు కొనేవాళ్లు. 1968 డిసెంబరులో టోక్యోలో పాల్ ఫూజీతో ప్రపంచ టైటిల్ పోటీ. ఫూజీ గట్టిగా కొట్టేవాడు. గాలిని కొట్టి కొట్టి, పదో రౌండుకు స్టూలు మీంచి లేవలేదు. గురి తప్పిన ప్రతి దెబ్బా కొట్టినవాడి ఒంట్లోంచే పోతుందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలీదు.

అయితే తప్పించుకుంటూ కూర్చుంటే గెలుపు రాదు. ఒలింపిక్ తరహా పోటీల్లో న్యాయనిర్ణేతలు చూసేది ముందుగా శుభ్రంగా తగిలిన దెబ్బలనే. గ్లవ్ పిడికిలి భాగంతో, తల ముందువైపునో పక్కలనో, నడుముకు పైభాగంలోనో తగలాలి. చేతుల మీద, గ్లోవ్స్ మీద పడినవి లెక్కకు రావు. కాబట్టి తప్పించుకున్న మరుక్షణం తిరిగి కొట్టాలి. ఎదుటివాడి చెయ్యి చాపి ఉన్న ఆ క్షణంలో అతని చెంప ఖాళీగా ఉంటుంది. మన రక్షణే మనకు ఆ తలుపు తీసిపెడుతుంది.

దేవరగట్టు రాత్రి

దూరం లేని చోట ఏమవుతుందో చూడాలంటే మనం ఏ దేశమూ పోనక్కర్లేదు. డోన్‌కు పడమటగా, కర్ణాటక సరిహద్దు దగ్గర, హొళగుంద మండలంలో దేవరగట్టు ఉంది. ఏటా విజయదశమి రాత్రి మాళమల్లేశ్వరస్వామి కల్యాణం తర్వాత ఉత్సవమూర్తుల కోసం ఊళ్లకు ఊళ్లే కర్రలతో దిగుతాయి. కాగడాల వెలుతురు, వేలమంది జనం, కర్రల చప్పుడు. వాళ్ల భక్తిని నేను శంకించను. నెరణికి, కొత్తపేట ఊళ్ల మనుషులు దేవుణ్ని కాపాడుకుంటున్నామనే నమ్మకంతోనే దిగుతారు. కానీ ఏటా తలలు పగులుతున్నాయి. కొన్నేళ్లు ప్రాణాలూ పోయాయి. కర్ర తిప్పడం తెలియక కాదు, సీమలో కర్రసాము తెలిసినవాళ్లకు కొదవలేదు. ఆ గుంపులో వెనక్కి వెయ్యడానికి ఒక్క అడుగు చోటుండదు. కర్ర ఎటునుంచి వస్తోందో కనబడదు. ఎంత ఒడుపున్నవాడైనా అక్కడ అదృష్టం మీద ఆధారపడాల్సిందే.

రింగుకు తాళ్లు కట్టింది ఇందుకే. ఒలింపిక్ తరహా పోటీల్లో ఒక్కో వైపు 6.1 మీటర్లు, అంటే ఇరవై అడుగుల చదరం. ఇద్దరే మనుషులు, ఒక రిఫరీ. కదలడానికి చోటు, చూడటానికి వెలుతురు. ధైర్యం రెండు చోట్లా ఉంది. విద్యకు చోటున్నది మాత్రం ఇక్కడే.

మన సినిమాలు కూడా ఈ విద్యకు అడ్డమే పడ్డాయి. 'తమ్ముడు' నుంచి 'గని' దాకా మన రింగు కథల్లో కథానాయకుడు ముందు రక్తం కారేలా దెబ్బలు తినాలి. చివర్లో అమ్మో నాన్నో గుర్తుకు రావాలి, లేచి కొట్టాలి. హాల్లో ఈలలు. నేనూ వేశాను. కానీ పిల్లల మనసులో దీంతో ఒక తప్పుడు లెక్క పడుతోంది: ఎక్కువ దెబ్బలు ఓర్చుకున్నవాడే గొప్పవాడని. తెర మీద దెబ్బ తిన్నవాడికి మేకప్ తీసేస్తే సరిపోతుంది.

డోన్‌లాంటి ఊళ్లకు ఇవాళ పెద్ద రింగులు, ఖరీదైన బస్తాలు అవసరం లేదు. హైస్కూలు మైదానంలో ఇరవై అడుగుల చదరం సున్నంతో గీస్తే చాలు. ఎండ దిగాక వ్యాయామ ఉపాధ్యాయులు ఆ గీతల మధ్య పిల్లల్ని ముందుకు, వెనక్కి, పక్కలకు నడిపించవచ్చు. చెయ్యి చాపి ఒకరి వేలికి ఒకరు అందకుండా తిరిగే ఆట ఆడించవచ్చు. పైసా ఖర్చు లేదు, ఒక్క దెబ్బా లేదు. ఒక ఏడాది ఇదే చేసిన పిల్ల తర్వాత కర్నూలుకో విశాఖకో వెళ్లి గ్లోవ్స్ తొడిగితే, ఆమెకు అక్కడ నేర్పాల్సింది సగమే మిగులుతుంది.

మా అక్క ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. పిల్ల మాత్రం రోజూ అరుగు మీద సుద్దగీత తనే గీసుకుంటోంది.

తల్లిదండ్రులకు నాదొక్కటే మనవి. మీ బిడ్డను బాక్సింగ్ నేర్పే చోటికి తీసుకెళ్తే గోడ మీది పతకాలు చూసి రాకండి. మాస్టారుగారిని నేరుగా అడగండి: "ఎన్ని నెలలు కాళ్లకు పని చెప్పాక ఎదురుగా మనిషిని నిలబెడతారు?" నెలలు లెక్క చెబితే ధైర్యంగా వదిలి రండి. 'వచ్చిన రోజే గ్లోవ్స్ తొడిగి దింపుతాం, అప్పుడే భయం పోతుంది' అంటే మాత్రం బిడ్డ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేయండి.